రాత్రి మేల్కొనిన వైద్యుడు: ఎలియో లుగరేసి చరిత్రము

ఉపోద్ఘాతము

మన మహాసభా సంచికలయందు చెఱువులు త్రవ్వించిన పూర్వులను గుఱించియు, సత్రములు కట్టించిన దాతలను గుఱించియు, పేదబాలురకు విద్య చెప్పించిన పోషకులను గుఱించియు పెద్దలు పలువురు వ్రాయుచు వచ్చిరి. అవి మనకు గర్వకారణములైన చరిత్రలు. ఈ యేడు కార్యదర్శిగారు మమ్ము నొక చరిత్రవ్యాసము వ్రాయుమని కోరగా, మేము మన సంఘమువాడును మన దేశమువాడును కాని యొక వైద్యుని చరిత్రము నెన్నుకొంటిమి. ఆయన ఇటలీ దేశస్థుడు. పేరు ఎలియో లుగరేసి. 1926వ సంవత్సరమున జన్మించి, బొలోన్యా విశ్వవిద్యాలయమున నాడీవైద్యాచార్యుడై, అపస్మారమును నిద్రావికారములను పరిశోధించుటలో జీవితమును గడపి, 2015వ సంవత్సరమున దివంగతుడయ్యెను.

పరదేశపు వైద్యుని చరిత్రమునకును మన సంఘమునకును సంబంధ మేమని చదువరులు శంకింపవచ్చును. దానికి సమాధాన మిది. మన యిండ్లలో పెండ్లి సంబంధములు మాటలాడుకొనునపుడు ఆస్తిని గుఱించి, చదువును గుఱించి, నక్షత్రపొంతనమును గుఱించి యెంతయో విచారింతుము. ఒక్క సంగతి మాత్రము ఇరుపక్షములవారును నోట రానీయరు. అదియే మూర్ఛవ్యాధి. అది యున్న యింటివారు దానిని దాచుదురు. లేనివారు దాని పేరు విని బెదరుదురు. దాచుటవలన కలుగు కీడెట్టిదో, దాచక చూచుటవలన కలుగు మేలెట్టిదో లుగరేసి చరిత్రము చక్కగా తెలుపును. కావుననే దీనిని మీ ముందుంచుచున్నాము.

పూర్వుల యెఱుక

అపస్మార మనగా స్మృతి తొలగిపోవుట. చరకసంహిత యీ వ్యాధిని వాత, పిత్త, కఫ, సన్నిపాత భేదములచే నాలుగు విధములుగా విభజించినది. ఆ గ్రంథమే శరీరమును నిలుపు ఉపస్తంభములు మూడని చెప్పి, ఆహారము తరువాత నిద్రను పేర్కొన్నది. గ్రీకు దేశమున హిప్పోక్రటీసు పేర వెలసిన గ్రంథములలో నొకటి, ఆ దేశపు జనులు దైవికమని భయపడు నీ రోగము తక్కిన రోగములకంటె దైవికమైనది కాదనియు, దీని మూలము మెదడేయనియు వాదించినది. దేశములు వేఱైనను, ఇది రోగమేగాని శాపము కాదని శాస్త్రజ్ఞులు రెండు వేల యేండ్లకు పూర్వమే యెఱిగిరి. జనసామాన్యము మాత్రము ఎచ్చటను దానిని నమ్మలేదు. ఆ దేశములలో దుష్టగ్రహ మనిరి. మన పల్లెలలో గాలి యనిరి, సోకు డనిరి, కాకిసోమాల యని పేరు పెట్టి రక్షరేకులు కట్టిరి.

19వ శతాబ్ది యుత్తరార్ధమున ఆంగ్లవైద్యుడు జాన్ హ్యూలింగ్స్ జాక్సన్, మూర్ఛ యనగా మెదడులోని బూడిదవన్నె పదార్థమునందు అకస్మాత్తుగా, మితిమీఱి పుట్టు శక్తివిసర్జన మని నిర్ణయించెను. ఆయన సమకాలికుడు విలియం గవర్స్ తన రోగులను లెక్కించి, కొందఱికి మూర్ఛలు పగటియందును, కొందఱికి రాత్రియందే యును వచ్చుచున్నవని గమనించెను. నిద్రకును అపస్మారమునకును నేదో పొత్తు గలదని యానాడే తెలిసినది. కాని నిద్రించువాని మెదడులో నేమి జరుగుచున్నదో చూచు నుపాయము లేదు.

మెదడు వ్రాయు వ్రాత

ఆ యుపాయమునకు మొదటి బీజము పడిన యూరు బొలోన్యాయే యగుట వింత. ఐరోపాఖండమున మిక్కిలి ప్రాచీనమైన విశ్వవిద్యాలయ మా నగరమున గలదు. అది 1088వ సంవత్సరమున స్థాపింపబడినదని సంప్రదాయము. అచ్చటి యాచార్యుడగు లుయీజి గాల్వానీ, చచ్చిన కప్పకాలు విద్యుత్స్పర్శచే అదరుట చూచి, ప్రాణిశరీరమున విద్యుచ్ఛక్తి పనిచేయుచున్నదని 1791వ సంవత్సరమున ప్రకటించెను. తరువాత నూఱేండ్లకు పైగా గడచినపిదప, జర్మనీదేశపు వైద్యుడు హాన్స్ బెర్గర్ మనుష్యుని తలపై తగిలించిన లోహపు పలకల మూలమున మెదడు విద్యుత్తును కాగితముపై గీతలుగా లిఖించి, 1929వ సంవత్సరమున లోకమునకు తెలిపెను. ఇదియే నేడు ఈ.ఈ.జీ. యని ప్రతి పట్టణమునను వినబడు పరీక్ష.

ఈ గీతలవలన రెండు సంగతులు బయల్పడెను. మొదటిది, అపస్మార రోగి మెదడులో మూర్ఛ లేని వేళయందు సైతము అప్పుడప్పుడు సూదిమొనలవంటి గీతలు కనబడును. రెండవది, నిద్ర యనునది దీపమార్పినట్టి శూన్యస్థితి కాదు. అందు అంతస్తులు గలవు. గాఢనిద్రలో మెదడుకణములు ఒక్కుమ్మడి లయతో పనిచేయుటచే గీతలు పెద్దవియు మందగతి గలవియు నగును. 1953వ సంవత్సరమున అమెరికాదేశమున యూజీన్ అసెరిన్‌స్కీ, నథానియల్ క్లైట్‌మన్ అనువారు, కనుగ్రుడ్లు వడివడిగా కదలు నిద్ర యొకటి వేఱుగా నున్నదనియు, స్వప్నము లధికముగా నప్పుడే వచ్చుననియు కనుగొనిరి.

మందగతి నిద్రలో కణములన్నియు నేకలయ మగుటచేతనే, లోపము గల మెదడునందు మూర్ఛకు మూలమైన విసర్జన సులభముగా నలుముకొనును. నిద్ర చెడినను మూర్ఛ వచ్చును. మూర్ఛ వచ్చినను నిద్ర చెడును. ఈ రెండింటి పొత్తు నెఱిగినవాడే రెండింటికిని వైద్యుడు కాగలడు.

గురుకులవాసము

యువకుడైన లుగరేసికి తగిన గురువు దొరకెను. ఫ్రాన్సుదేశపు దక్షిణతీరమున మార్సెయ్ నగరమందు హెన్రీ గస్తో అను పండితుడు (1915–1995) అపస్మార విద్యకు పీఠాధిపతివలె వెలుగుచుండెను. అపస్మార భేదములను గుఱించి యొక్కొక్క దేశమువా రొక్కొక్క పేరుతో వ్యవహరించుచుండగా, 1964, 1970 సంవత్సరములలో అంతర్జాతీయ వర్గీకరణమును కూర్చుటలో ముఖ్యుడాయనయే. బాలురకు వచ్చు నొక కఠినమైన అపస్మారమునకు నేటికిని అమెరికను పండితుడగు లెనక్స్ పేరుతోపాటు ఆయన పేరును కలిపి చెప్పుచున్నారు. మన చదువరులకు ప్రియమగు సంగతి యొకటి యున్నది. ఈ గస్తో 1950ల దశకమున కలకత్తా నగరపు ఎన్. ఎన్. దాస్ అను శాస్త్రజ్ఞునితో కలిసి, ధ్యానమందున్న యోగుల మెదడు, గుండె, కండరముల విద్యుత్తును లిఖించి ఫలితములను ప్రకటించెను. యోగనిష్ఠను వాదముచేత గాక పరీక్షచేత తెలిసికొనగోరిన తొలి ప్రయత్నములలో నది యొకటి.

ఇట్టి గురువు చెంత లుగరేసి నేర్చినది ఒక యంత్రమును త్రిప్పుట మాత్రమే కాదు. రోగి చెప్పినది విని యూరకుండక, రోగము వచ్చు క్షణముననే దానిని కన్నులార చూచి, యంత్రముచే లిఖించి, పిదప పేరు పెట్టవలెనను నియమమును నేర్చెను. బొలోన్యాకు మరలివచ్చి ఆ నియమమును రాత్రికి వర్తింపజేసెను.

రాత్రి కాపు

పగటిపూట వైద్యుడు రోగిని చూచు కాలము గడియలో నెంతో భాగము. నిద్రయో, మనుష్యుని యాయువులో మూడవపాలు. ఆ మూడవపాలు వైద్యుని కన్నులకు మఱుగై యుండెను. లుగరేసియు, ఆయన సహచరుడు జార్జో కొకాన్యాయు రోగిని పరుండబెట్టి, తలకు, కన్నులకడ, గడ్డమునకు, కాళ్లకు తీగలు తగిలించి, ఊపిరిని, గుండెలయను, రక్తపు పోటును ఏకకాలమున లిఖించుచు తెల్లవాఱువఱకు కాచుకొని యుండిరి. ఒక్క రాత్రి వ్రాతకు బండిళ్లకొలది కాగిత మగును. ఆ కాగితమును పొరలు పొరలుగా త్రిప్పి చదువవలెను. వారు నిద్రమాని యితరుల నిద్రను చదివిరి.

1960ల దశకపు మధ్యభాగమున వారు, సాయంకాలమైనతోడనే కాళ్లలో చెప్పరాని సలుపు పుట్టి కదల్చినగాని యూఱట లేని రోగులను రాత్రి యంతయు పరీక్షించి, వారి కాళ్లు నిద్రలో సైతము నియతమగు నెడమిచ్చి మాటిమాటికి కదలుచున్నవని చూపిరి. అంతవఱకు నీ రోగులను పలువురు చంచలచిత్తులని తలచుచుండిరి.

అంతకంటె ఘనమైన ఫలము గురకవిషయమున కలిగెను. ఆంగ్ల నవలాకారుడు చార్లెస్ డికెన్స్ 1836–37లో ప్రకటించిన పిక్విక్ పేపర్స్ అను గ్రంథమున స్థూలకాయుడును, నిలుచుండియే నిద్రించువాడును నగు నొక పనికుఱ్ఱని వర్ణించెను. దానినిబట్టి 1956లో అమెరికను వైద్యులు, స్థూలకాయమును పగటినిద్రయు గల రోగులకు పిక్విక్ రోగు లని పేరు పెట్టిరి. దేహభారముచే ఊపిరి మందగించి, రక్తమున చెడుగాలి పేరుకొని, దాని మత్తుచే వారు తూలుచున్నారని యప్పటి వైద్యులు తలచిరి. 1965వ సంవత్సరమున మార్సెయ్‌లో గస్తో, తస్సినారి, ద్యురోన్ అనువారును, జర్మనీదేశపు ఫ్రైబుర్గ్ నగరమున యుంగ్, కూలో అనువారును ఇట్టి రోగుల రాత్రినిద్రను లిఖించి చూడగా, వారి ఊపిరి రాత్రియంతయు మాటిమాటికి నిలిచిపోవుచున్నట్లు తెలిసెను.

లుగరేసి వర్గమువా రీ మార్గమున ముందునకు సాగిరి. నిద్రలో గొంతుకండరములు సడలును. నాలుకయు మెత్తని యంగిలియు వెనుకకు వాలి గాలిద్వారమును మూసివేయును. రొమ్ము పెనుగులాడును, గాలి రాదు, రక్తమున ప్రాణవాయువు తఱుగును, రక్తపుపోటు పెరుగును. తుదకు మెదడు ఉలికిపడి క్షణకాలము మేల్కొనగా, పెద్ద గురకతో ద్వారము తెఱచుకొనును. మరల నిద్ర, మరల మూత. ఇట్లు రాత్రి వందలకొలది మాఱులు జరుగును. అట్టివాడు పగలు తూలుట సోమరితనముచేత కాదు. రాత్రి నిద్రించినట్లుండియు నిద్రింపకపోవుటచేత. గొంతుకు దిగువను ద్వారము చేసి గాలికి వేఱు దారి యిచ్చినపుడు ఈ రోగుల పగటినిద్ర తొలగిపోయెను. దీనిచే దోషము మూసికొనిపోవు గొంతులోనిదని తేటపడెను. 1972వ సంవత్సరమున ఇటలీ సముద్రతీరమందలి రిమిని పట్టణమున వివిధదేశముల పండితులు కూడి యీ రోగమును గుఱించి చర్చించిరి. నేడు నిద్రావైద్య మనబడు శాస్త్రమునకు అది యొక ముఖ్యఘట్టము. 1981లో ఆస్ట్రేలియాదేశపు కాలిన్ సలివన్, ముక్కునకు తొడుగు తగిలించి గాలిని మెల్లగా లోనికి నెట్టి గొంతు మూసికొనిపోకుండ చేయు సాధనమును ప్రకటించుటచే, కోతతో పని లేక యెందఱికో మేలు కలిగెను.

లుగరేసి ఆస్పత్రి గోడలలోనే యుండిపోలేదు. ఇటలీ నడుమనున్న సాన్ మరీనో యను చిన్న రాజ్యమున 5,713 మంది నిద్రాచారములను విచారించి, నిత్యము గురకపెట్టువారియందు అధికరక్తపుపోటు హెచ్చుగా నున్నదని 1980లో ప్రకటించెను. మన యిండ్లలో గురకను నవ్వులాటగా చెప్పుకొందుము. గురక పెట్టువాడు హాయిగా నిద్రించుచున్నాడని తలంతుము. అది కొందఱి విషయమున ఊపిరాడక పెనుగులాడు ధ్వని యని తెలిసికొనవలెను.

అయిదుగురు రోగులు

ఇప్పుడు మన ముఖ్యవిషయమునకు వచ్చుచున్నాము. 1981వ సంవత్సరమున లుగరేసియు, చిరిన్యొత్తా అను సహచరుడును అయిదుగురు రోగుల వృత్తాంతమును ప్రకటించిరి. వీరు పగలు అందఱివలెనే యుందురు. రాత్రి నిద్రలో హఠాత్తుగా కన్నులు తెఱచి, చేతులు కాళ్లు విసరుచు, దేహమును మెలిత్రిప్పుచు, ఒక్కొక్కప్పుడు కేకలు వేయుచు, కొంతసేపటికి శాంతించి మరల నిద్రింతురు. ఒక్క రాత్రియందే పలుమాఱు లిట్లు జరుగును. తలపై తగిలించిన తీగలయందు అపస్మారచిహ్నము లేవియు కనబడలేదు. కాని యపస్మారమునకు వాడు కార్బమజెపీన్ అను మందు స్వల్పముగా నిచ్చినను రోగులకు గుణమిచ్చుచుండెను.

ఇది యపస్మారమా, క్రొత్త వ్యాధియా? ఇచ్చట లుగరేసి చేసిన పని మాకు మిక్కిలి యాదర్శప్రాయముగా తోచినది. తెలియనిదానిని తెలిసినట్లు చెప్పలేదు. వ్యాసపు శీర్షికయందే యీ ప్రశ్న నుంచి, తాను చూచినదానిని చూచినట్లు వ్రాసి, నిర్ణయమును ముందువారికి విడిచెను. కొంతకాలము దానిని రాత్రికాలపు కండరవికార మని పిలిచిరి. 1990లో బొలోన్యా వర్గమునకే చెందిన తినుపెర్ మొదలగువారు, ఇట్టి రోగులు మువ్వురియందు మూర్ఛమూలము నుదుటివెనుకనున్న మెదడు భాగమున గలదని నిదర్శనము చూపిరి. ఆ భాగమున లోతుగా పుట్టు విసర్జన తలపైనున్న తీగలకు చాలమాఱు లందదు. 1994లో ఆస్ట్రేలియా పండితులు ఇట్టి వ్యాధి కొన్ని కుటుంబములలో తరతరములుగా వచ్చుచున్నదని గుర్తించిరి. 1995లో అట్టి యొక కుటుంబమునందు దానికి మూలమైన జన్యులోపము దొరకెను. 2014లో బొలోన్యా నగరముననే పండితులు కూడి చర్చించి, నిద్రాసంబంధియగు నతిచలనాపస్మార మను నర్థము వచ్చు పేరును నిర్ణయించిరి. ప్రశ్న పుట్టిన యూరనే దానికి సమాధాన మేర్పడుట లుగరేసి తన వృద్ధాప్యమున చూచెను.

మేము చేసిన తప్పు

ఇచ్చట మా జీవితమునుండి యొక సంగతి చెప్పక తీరదు. మేము 1980ల చివర నొక పాఠశాలయందు సంస్కృతాంధ్రములు బోధించుచు వసతిగృహమును కూడ కనిపెట్టుచుంటిమి. ఎనిమిదవ తరగతి బాలు డొకడు, చదువున దిట్ట, మన సంఘమువాడే, రాత్రులందు నిద్రలో దిగ్గున లేచి, కన్నులు తెఱచి, కాళ్లు త్రొక్కుచు, చేతులు విసరుచు కేకలు వేయుచుండెను. నిమిషమైన గడువక మునుపే మరల పరుండును. తెల్లవాఱి యడిగిన సరిగా చెప్పలేడు. తోడి బాలురు భయపడి వాని ప్రక్కన పడుకొన నిరాకరించిరి. పెరటి చింతచెట్టును చూపి వంటవాడొక కథ చెప్పెను. శాస్త్రములు చదివిన మేమును దానిని ఖండింపలేదు. బాలగ్రహములను గుఱించి చదివిన నాలుగు ముక్కలు మనసున మెదలగా, తండ్రికి కబురంపి, పిల్లవానికి రక్షరేకు కట్టింపుమని చెప్పి యింటికి పంపివేసితిమి. వాడు మరల బడికి రాలేదు. గాలి సోకిన యిల్లని పేరు పడుటచే వాని యక్కకు కుదిరిన సంబంధము తప్పినది, మఱియొకటియు తప్పినది.

కొన్ని యేండ్ల క్రిందట నాడీవైద్యము చదువుచున్న మా మేనకోడలు సెలవులకు వచ్చి, లుగరేసిని గుఱించి చెప్పుచు, వైద్యవిద్యార్థులకు పాఠముగా చూపు నొక చలనచిత్రమును మాకు చూపెను. అందొక రోగి నిద్రనుండి లేచి కాళ్లు త్రొక్కుచు కేకవేసెను. మేము నిశ్చేష్టులమైతిమి. "ఏమి మామయ్యా, అట్లు చూచుచున్నావు?" అని యామె యడిగినది. "ఇది మే మెఱిగినదే తల్లీ" అని మాత్రము అనగలిగితిమి.

ఆ బాలుని వ్యాధి యిదియే యని మేము నిర్ణయింపజాలము. అది వైద్యుని పని. మా తప్పు వేఱు. వసతిగృహమున ఏబదిమంది యుండియు, ఒక్క రాత్రి యొక్కరమైనను దీపము పెట్టుకొని వానిప్రక్కన కూర్చుండి, ఎప్పుడు లేచుచున్నాడు, ఎంతసేపుండుచున్నది, ఎట్లు కదలుచున్నాడు అని చూచి, వ్రాసి, వైద్యునికి చూపినవారము కాము. బొలోన్యాలో నొక యాచార్యుడు ఊరుపేరు తెలియని రోగులకొఱకు రాత్రులు మేల్కొనుచుండిన కాలముననే, మేము మా శిష్యునికొఱకు ఒక్క రాత్రి మేల్కొనలేకపోతిమి.

నిద్రలేని వంశము

లుగరేసి పేరు లోకమంతట మ్రోగుటకు కారణమైన సంగతి యింకొకటి గలదు. మన స్త్రీలు పాడుకొను పాటలలో ఊర్మిళాదేవి పదునాలుగేండ్లు నిద్రించిన కథ యున్నది. లక్ష్మణుడు అన్నకొఱకు అన్నియేండ్లును నిద్రమానెను. మనుష్యమాత్రుడు నిద్ర లేక జీవింపగలడా యను ప్రశ్నకు సమాధానము ఇటలీలోని వెనిస్ ప్రాంతపు ఒక కుటుంబముచే తెలిసెను. ఆ వంశమున తరతరములుగా కొందఱు నడివయసున నిద్ర కోల్పోయి, చెమటలు పోయుచు, జ్వరము వచ్చి, కలలో నున్నట్లు చేష్టలు చేయుచు కొన్ని మాసములలో మరణించుచుండిరి. ఒక్కొక్కరి మరణమునకు ఒక్కొక్క రోగము పేరు వ్రాయబడెను. వంశమువారు దానిని గుఱించి బయట మాటలాడుటకు వెఱచుచుండిరి.

ఆ యింటి యాడుబిడ్డను వివాహమాడిన యల్లు డొకడు వైద్యుడు. ఆయన కన్నులయెదుటనే భార్య పినతల్లులలో నొకతె, పిదప నింకొకతె యిట్లే మరణించిరి. ఆయన సిగ్గుపడి మఱుగుపుచ్చక, పాత మరణలేఖ్యములను వెదకి వంశవృక్షమును కూర్చెను. 1984లో 53 ఏండ్ల వయసుగల భార్య మేనమామకు వ్యాధి తగులగా ఆయనను లుగరేసి కడకు చేర్చెను. బొలోన్యాలో రాత్రింబవళ్లు లిఖింపగా, సహజనిద్రకు గుఱుతైన గీతలు నానాటికి మాయమగుట తెలిసెను. వ్యాధి మొదలైన తొమ్మిది మాసములకు రోగి మరణించెను. మెదడును పరీక్షించిన పియెర్లుయీజి గాంబెత్తి, థాలమస్ అను లోపలి భాగమునందలి కొన్ని కేంద్రములు క్షీణించినట్లు కనుగొనెను. 1986వ సంవత్సరమున లుగరేసి మొదలగువారు దీనిని ప్రాణాంతక కౌటుంబిక నిద్రాహీనత యను పేరుతో ప్రకటించిరి. 1992లో దీనికి మూలము ప్రియాన్ అను మాంసకృత్తు జన్యువునందలి మార్పని తేలెను. తల్లిదండ్రులలో నొకరికి ఆ మార్పున్నచో బిడ్డ కది సంక్రమించుటకు సగముపాలు అవకాశము గలదు.

ఈ వ్యాధికి నేటికిని మందు లేదు. అయినను, పేరు లేని భయమునకు పేరు వచ్చెను. నిద్రకు మెదడులో పీఠ మెచ్చటనో శాస్త్రజ్ఞులకు తెలిసెను. ఆ వంశమువారికి తమ రక్తమున నున్నదేదో తెలిసికొను మార్గ మేర్పడెను. ఇదంతయు నొక యల్లుడు దాచక చెప్పుటచేతను, ఒక వైద్యుడు మేల్కొని చూచుటచేతను కలిగిన ఫలము.

మన కర్తవ్యము

చదువరు లీ వంశపు కథ విని మూర్ఛను గుఱించి భయపడరాదు. ఆ వ్యాధి మిక్కిలి యరుదు. మూర్ఛ యట్టిది కాదు. లోకమున సుమారు 5 కోట్లమందికి మూర్ఛవ్యాధి యున్నదనియు, సరియైన మందు సరిగా వాడినచో నూటికి డెబ్బదిమంది వఱకు మూర్ఛలు లేక జీవింపగలరనియు ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పుచున్నది. చాలవఱకు నిది తల్లిదండ్రులనుండి నేరుగా బిడ్డలకు వచ్చునదియు కాదు. అంటుకొనునది అసలే కాదు.

మన దేశపు చట్టమును గూడ నెఱుగుట మంచిది. 1976వ సంవత్సరపు సవరణచే హిందూ వివాహ చట్టమున, మాటిమాటికి అపస్మారము వచ్చువారు వివాహమున కర్హులు కారను నియమము చేరెను. 1999వ సంవత్సరమున పార్లమెంటు ఆ మాటను తొలగించెను. చట్టము తన తప్పును దిద్దుకొని యిన్నియేండ్లైనను మన మనస్సులు దిద్దుకొనలేదు.

దాచుటవలన జరుగునది వినుడు. వ్యాధి నడచుచున్న కన్యకు సంబంధము కుదురును. పెండ్లివారికి తెలియునను భయముచే తల్లి మాత్రలను పెట్టెయడుగున దాచును. కన్య ఒకటి రెండు పూటలు మాత్ర మానును. మన ముహూర్తములు తఱచుగా రాత్రివేళలవి. ఆమెకు ఉపవాసము, ఆపై జాగరణ. మందు మానుటయు, నిద్ర మానుటయు మూర్ఛకు రెండు పెద్ద పిలుపులు. పెండ్లిపీటలమీద మూర్ఛ వచ్చినచో పందిటివారందఱు దైవమును నిందింతురు. అది దైవకృతము కాదు, మనము చేసినది. కాపురమునకు వెళ్లిన పిదపను మాత్రను దొంగచాటుగా మ్రింగవలసిన దుర్గతి యెందఱికో గలదు.

కావున మా విన్నపము లివి. సంబంధము మాటలాడునపుడు ఈ వ్యాధిని, దాని మందును దాపరికము లేక చెప్పుడు; విన్నవారు సంబంధము విడుచుటకు మునుపు నాడీవైద్యుని యభిప్రాయము కనుగొనుడు. మూర్ఛ గలవారికి పగటి ముహూర్తము పెట్టించుడు. శివరాత్రి జాగరణమును వారికి విధింపకుడు. మందును వైద్యుని యాజ్ఞ లేక మానరాదు. మూర్ఛ వచ్చినపుడు చేతిలో తాళపుచెవులు పెట్టుటవలన ఫలము లేదు. నోట నేమియు కుక్కరాదు, నీరు పోయరాదు. తలక్రింద మెత్తనిది యుంచి, ప్రక్కకు త్రిప్పి పరుండబెట్టి, గడియారము చూచుచు కనిపెట్టుకొనవలెను. అయిదు నిమిషములు మించినచో ఆస్పత్రికి కొనిపోవలెను. రాత్రివేళ వింతచేష్టలు చేయువాని ప్రక్కన ఒక్క రాత్రి కూర్చుండి చూచి, వీలైనచో చేతి ఫోనుతో చిత్రించి వైద్యునికి చూపుడు. లుగరేసి గదియంతటి యంత్రములతో చేసిన పనిలో నొక భాగమును నేడు ప్రతి గృహస్థుడును చేయగలడు.

మన పోషకులు వసతిగృహములకు గదులు కట్టించుచున్నారు. విద్యార్థులకు వేతనము లిచ్చుచున్నారు. వ్యాధిచే చదువు మానిన బాలబాలికలకు వైద్యపరీక్షల వ్యయమును గూడ నీ సంఘము భరింపవలెనని యీ మహాసభకు మేము ప్రార్థించుచున్నాము. అట్టి నిధి యేర్పడినచో మా యల్పమైన విరామవేతనమునుండి మొదటి చందా మేమే యిత్తుము. అది దానము కాదు; నలువదియేండ్లకు దగ్గఱగా మోయుచున్న యొక ఋణమునకు కొంత తీర్మానము.

ఎలియో లుగరేసి మనవాడు కాడు. కాని నిద్రించువారికొఱకు మేల్కొనినవాడు ఎచ్చటివాడైనను అందఱివాడే. ఆయన చరిత్రము చదివి మనలో నొక్క తండ్రియైనను తన బిడ్డ వ్యాధిని దాచక చెప్పినచో, ఒక్క యుపాధ్యాయుడైనను మేము చేసినట్లు చేయకుండినచో, ఈ వ్యాసము సార్థకమగును.

స్వస్తి.